మచ్చుగడ

ఆ రోజు ఇంట్లో ఉన్నది మేం నలుగురం: ముందుగదిలో పెదనాన్న, వంటింట్లో పెద్దమ్మ, నడవలో చాప మీద బోర్లా పడుకుని వాళ్లబ్బాయి గలీహన్న, పెరట్లో నేను. ముందుగదిలో అద్దె కంప్యూటర్ల ముందు ఆటల కుర్రాళ్లు కూడా ఉన్నారుగానీ వాళ్లని ఇంట్లోవాళ్ల కింద లెక్కెయ్యకూడదు. వాళ్ల చెప్పులు మాత్రం ఎప్పుడు చూసినా మా గుమ్మం ముందే ఉండేవి. వాళ్ల తిట్లు వంటింటి దాకా వినిపించేవి.

చక్కెర మిల్లు ఆడించే ముందు చేసే చెరకు పెళ్లి అంతకు ముందురోజే అయింది. తోటలన్నీ వెతికి రెండు మంచి గడలు తెచ్చి, ఒకదానికి పెళ్లికొడుకు బట్టలు, ఒకదానికి పెళ్లికూతురు బట్టలు కట్టి, బాజాలతో ఊరేగించి మిల్లులో వేశారు. దాంతో గొట్టాలు పొగ మొదలుపెట్టాయి. మిల్లు ఆడినన్నాళ్లూ మా వీధిలో ఆకాశం నుంచి మసి రాలుతుంది. నల్లగా, సన్నగా, పీచులాగా ఉంటుంది. తుడిస్తే గీతలా సాగి బట్ట పాడవుతుంది. దులపాలి. కొండ దిగి వచ్చిన కొత్తలో నేను తుడిచేదాన్ని. పెద్దమ్మ వీపు మీద ఒకటి వేసి నేర్పింది.

నేను దండెం మీది బట్టలు దులుపుతుంటే, లారీ డ్రైవరు కొడుకు తోపాన్ సైకిలు గోడకేసి కొట్టి లోపలికి పరుగెత్తాడు.

"పక్ సుగెంగ్! బజారు నెట్ సెంటర్‌కి పోలీసులొచ్చారు! పెట్టెలన్నీ వ్యానులోకి ఎక్కించేస్తున్నారు! దొంగ కాపీ విండోస్ అంట!"

పక్ అంటే అయ్యగారని, పక్ సుగెంగ్ మా పెదనాన్నే. ఆయన లేచి మెయిన్ ఆపేశాడు. తెరలన్నీ ఒకేసారి నల్లబడ్డాయి. కుర్రాళ్లు గొల్లుమన్నారు.

"అయ్యో, గెలుస్తున్నానండీ!"

"గెలిచి ఎవర్ని ఉద్ధరించాలిరా? ఇళ్లకి పొండి. వెనక గుమ్మంలోంచి. ఒక్కొక్కడూ."

వాళ్లు పోయాక షట్టరు దించి, చీకట్లోనే కూర్చున్నాడు. గలీహన్న గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అన్న సురబయ పట్నంలో కంప్యూటర్ల చదువు చదువుతున్నాడు, సెలవులకి వచ్చాడు.

"మనవీ దొంగ కాపీలే కదా నాన్నా."

"నెమ్మదిగా ఏడువు. గోడలకి చెవులుంటాయి."

"లినక్స్ పెట్టేద్దాం. అది ఊరికే ఇస్తారు. ఏ పోలీసూ వేలు పెట్టలేడు."

"ఆటలు ఆడుతుందా?"

"కొన్ని ఆడుతుంది. కొన్నిటిని మనం ఆడించాలి."

"ఆట లేకపోతే ఈ వెధవలు నా మొహం చూడ్డానికొస్తారా? పక్క వీధికి పోతారు."

పెద్దమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి నావైపు చూసింది. "ఇదొకటి నా నెత్తిన. జులైలో బడిలో వేయిస్తానని దీని అమ్మకి మాటిచ్చి చచ్చాను."

"కుర్చీలు నిండితే బడికెళ్తుంది. నిండకపోతే కొండెక్కుతుంది" అన్నాడు పెదనాన్న. "నేనేమన్నా కన్నానా దీన్ని?"

మా కొండ మీద బడి తొమ్మిదో తరగతితో సరి. ఆ పైన చదవాలంటే మిల్లు ఊళ్లోకి దిగాలి. చేర్చుకునే రోజున ఊరి పెద్దమనిషి ఒకరు పక్కన నిలబడి, ఈ పిల్ల మా ఇంట్లో ఉంటుంది, నాదీ పూచీ అని చెప్పాలి. మాకు ఆ ఊళ్లో తెలిసిన పెద్దమనిషి పెదనాన్న ఒక్కడే.

*

గలీహన్న సురబయ వెళ్లి సంచీ నిండా డిస్కులు తెచ్చాడు. కొన్ని స్నేహితులవి, కొన్ని పత్రికలతో పాటు ఊరికే వచ్చినవి. అవన్నీ లినక్సే అన్నాడు. అన్నీ లినక్సే అయితే ఇన్నెందుకని పెద్దమ్మ అడిగింది.

"లోపల సరుకొకటే అమ్మా. వండే చేతులు వేరు. ఒకడు ఉప్పు ముందేస్తాడు, ఒకడు ఆఖర్న వేస్తాడు. తినేవాడికి ఏది నచ్చుతుందో చూసుకోవాలి."

"మన కుర్రాళ్లకి ఏది నచ్చుతుంది?"

"పేచీ అక్కడే ఉంది. నాకైతే ఏదైనా ఒకటే. కొత్తవాడు వచ్చి కూర్చుని, ఎవర్నీ అడక్కుండా ఆట తెరుచుకోగలగాలి. బజార్లో ఇంకొకడు కష్టమైనది పెట్టి కూర్చున్నాడు, ఒక్క పురుగు రావట్లేదు."

పెదనాన్న డిస్కులన్నీ బల్ల మీద పరిచి చూశాడు. ఆయన చేసిన పనంతా మిల్లు గేటు దగ్గరే. చెరకు లారీ వస్తే, పైన కనిపించే మంచి గడలు ఆయన ముట్టుకునేవాడు కాదు. లోడు అడుగు నుంచి అన్నిటికన్నా చెత్త గడ ఒకటి లాగి, దాని రసం తీయించి చూసేవాడు. అది మచ్చుగడ. దాన్నిబట్టే లారీకంతా ధర. రైతులు ఆయన కాళ్ల మీద పడేవాళ్లట. పింఛను వచ్చినా ఆ చూపు మాత్రం పోలేదు. బజారుకెళితే మిరపకాయల బుట్టలో కూడా చెయ్యి అడుక్కే పోతుంది.

"మంచి బుర్రకి ఏదైనా అర్థమవుతుంది" అన్నాడు. "దాంతో పరీక్షేమిటి? చెత్త గడతో చూడాలి. అది తెరవగలిగిన డిస్కే పెడదాం. మనింట్లో చెత్త గడ ఎవరు?"

అందరూ నావైపు తిరిగారు. నేను టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. పెద్దమ్మ గరిటె నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

*

మొదట ఎర్ర డిస్కు.

మూల కంప్యూటర్ ముందు కుర్చీ వేశారు. ఆ కుర్చీలు నేను రోజూ తుడిచేదాన్నేగానీ ఒక్కసారీ కూర్చోలేదు. కుర్రాళ్లకి కబురు పెట్టారు. ఆటలాగి వాళ్లకీ తోచడం లేదు, చెప్పగానే వచ్చి నా వెనక గుంపుగా నిలబడ్డారు. బడిలో జవాబు తెలిసినా నేను లేచి నిలబడేదాన్ని కాదు. అలాంటిది నా మెడ మీద అంతమంది ఊపిరి.

"కూర్చో కొండదొరసానీ" అన్నాడు గలీహన్న. "ఆట తెరువు. ఎవరూ సాయం చెయ్యకండి. నోరు తెరిచినవాడికి వారం రోజులు సీటు లేదు."

తెరంతా నలుపు. పైన మూల ఒక చిన్న తెల్లగీత వెలుగుతూ ఆరుతూ ఉంది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు పెదనాన్న కాసేపటికి.

"చూస్తున్నానండీ."

"దేనికోసం?"

"వస్తుందేమోనని."

"ఏది?"

"ఏదో ఒకటి."

నవ్వు గది పట్టలేదు. "బస్సు కోసం చూస్తోందిరోయ్!" అన్నాడు తోపాన్. "లేవకు రెత్నో, మధ్యాహ్నం బస్సుంది!"

పెదనాన్న ఎర్ర డిస్కు తీసి పక్కన పెట్టాడు. "ఇది పనికిరాదు. మచ్చు బాగా చెప్పింది." నా వైపు తిరిగి తలాడించాడు కూడా. ఆ పూట పెద్దమ్మ నా పళ్లెంలో ఇంకో వేయించిన సోయా టెంపే ముక్క వేసింది. ఏమీ చేతకానందుకు నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. నేను ఎంత తెల్లమొహం వేస్తే పెదనాన్నకి అంత నమ్మకం.

తర్వాత పసుపు డిస్కు. అందులో బొమ్మలున్నాయి. ఆట బొమ్మ ఏదో కూడా కనుక్కున్నాను. నొక్కితే ఒక పెట్టె వచ్చి ఏదో అడిగింది. ఎవరు నువ్వు అని అడుగుతోందనుకుని నా పేరు కొట్టాను. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ. కాదంది. మా ఊరి పేరు కొట్టాను. కాదంది. ఇంకేం చెప్పాలో తోచక అమ్మ పేరు కొట్టాను. సాతిమ్.

"వాళ్లమ్మ పేరు కొట్టిందిరా!" తోపాన్ నేల మీద కూలబడిపోయాడు నవ్వలేక. "అది పాస్‌వర్డే పిచ్చిదానా! కంప్యూటర్‌కి మీ అమ్మతో పనేంటి?"

"తాత పేరు కూడా చెప్పు, చుట్టరికం కలుస్తుందేమో" అన్నాడు గలీహన్న.

ఆ రోజు నుంచి కుర్రాళ్లు కంప్యూటర్ పెట్టగానే గట్టిగా "సాతిమ్!" అని అరిచి మొదలుపెట్టేవాళ్లు. ఇంట్లో ఎవరికీ అది తప్పనిపించలేదు. పెద్దమ్మకి కూడా. సాతిమ్ ఆవిడ సొంత చెల్లెలే.

నీలం డిస్కులో ఆట తెరుచుకుందిగానీ తుపాకీ పేలిన చప్పుడు లేదు. మూగ తుపాకీ మాకొద్దని కుర్రాళ్లు గోల పెట్టారు. గలీహన్న తెల్లార్లూ కూర్చుని కూడా మాట తెప్పించలేకపోయాడు.

ఆ రోజుల్లోనే ఇంకో గొడవ. విండోస్ ఆటల్ని లినక్స్‌లో ఆడించడానికి ఒక ప్రోగ్రాం ఉందని, అది పెడితే అసలైన కాల్పుల ఆట వస్తుందని అన్న చెప్పాడు. దాని పేరు వైన్. పెదనాన్న అప్పుడే నమాజు ముగించి టోపీతో వచ్చాడు.

"ఏమిటీ? నా ఇంట్లోనా? నా చాప పక్కనా?"

"పేరే నాన్నా. తాగేది కాదు."

"పేరు మాత్రం ఎందుకు నోటితో అనడం? ఇంకోటి పెట్టుకోండి."

అప్పటినుంచి అది చెరకురసం అయింది. "గలీహన్నా, నా పెట్టెలో రసం అయిపోయింది, పొయ్యి" అనేవాళ్లు కుర్రాళ్లు. ఆ మాటకి నాకూ నవ్వొచ్చేది. నేను నవ్వితే వాళ్లు ఆపేసేవాళ్లు.

*

పొద్దున్నే ముందుగది తీసి, కీబోర్డుల మీది మసి కుంచెతో దులపడం నా పని. మూల కంప్యూటర్‌లో ముందురోజు పరీక్ష చేసింది అలాగే ఉండేది. ఒకరోజు దులుపుతుంటే చెయ్యి తగిలి అది లేచింది. ఎవరూ లేరు. మెడ మీద ఊపిరి లేదు. మౌసు జరిపాను. బాణం జరిగింది. అంతే. అదేమంత పెద్ద సంగతి కాదని నాకు ఆ పొద్దున తెలిసింది.

అందులో ఒక పెంగ్విన్ ఉంది. మంచుకొండ మీది నుంచి పొట్ట మీద జారుతుంది. మాదీ కొండేగానీ మంచు నేనెప్పుడూ చూడలేదు. పొగాకు కొమ్మల మీద కూర్చుని మట్టిలో జారేవాళ్లం. అది చేపలు ఏరుకుంటూ, చెట్లు తప్పించుకుంటూ పోయేది. నేను నిలబడే ఆడేదాన్ని. కూర్చుంటే కుర్చీ కిర్రుమంటుంది.

అలా రోజూ. అర్థం కాని మాటలు డైరీ వెనక పేజీల్లో రాసుకుని, గలీహన్న డిక్షనరీలో చూసుకునేదాన్ని. పాస్‌వర్డు ఎందుకడుగుతుందో, ఎప్పుడడగదో తెలిసింది. ఆటలు ఏ వరస కింద దాక్కుంటాయో తెలిసింది. చెరకురసం ఎక్కడ పోయాలో కూడా తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

చివరికి రెండు డిస్కులు మిగిలాయి, ఆకుపచ్చదీ తెల్లదీ. రెండిట్లోనూ అన్ని ఆటలూ ఆడుతున్నాయి, చప్పుళ్లొస్తున్నాయి. షట్టరు దించి చాలా రోజులైంది. పెదనాన్న చిన్నమాటకే కసురుతున్నాడు. ఏదో ఒకటి పెట్టెయ్యి నాన్నా అంటే వినడు. మచ్చు చూడందే లోడు దింపనంటాడు.

మళ్లీ నన్ను కూర్చోబెట్టారు. మళ్లీ గుంపు. "సాతిమ్!" అన్నారెవరో.

ఆకుపచ్చది. మెనూ, ఆటలు, కాల్పుల ఆట. తుపాకీ పేలింది.

తెల్లది. మెనూ, ఆటలు, కాల్పుల ఆట. తుపాకీ పేలింది.

తెలియనట్టు ఉండాలని నాకు తట్టలేదు. వెనక ఎవరూ నవ్వకపోయేసరికి తిరిగి చూశాను. తోపాన్ నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. పెదనాన్న సంతోషిస్తాడనుకున్నాను. ఏ దయ్యం పట్టిందో, నోరు కూడా విప్పాను.

"తెల్లది మంచిదండీ. ఇందులో మాటలు మన భాషలో ఉన్నాయి. కొత్తవాళ్లకి..."

"నిన్నడిగారా?" అన్నాడు పెదనాన్న. గట్టిగా కూడా అనలేదు. "గడని అడిగి రసం చూస్తారుటే?"

గలీహన్న నా భుజం మీదుగా వంగి తెరకేసి చూశాడు. "ఇది దొంగతనంగా నేర్చేసుకుంది నాన్నా. ఇక దీనికి రెండూ ఒకటే. రసం తీసిన గడని మళ్లీ మచ్చుకి పెడతారా?"

"పెట్టరు. పిప్పికుప్పలో పారేస్తారు."

అప్పుడు నవ్వారు అందరూ. పెదనాన్న మాత్రం నవ్వలేదు. మచ్చు పాడయిందని ఆయనకి నిజంగానే కష్టంగా ఉంది. బల్ల మీద ఆకుపచ్చ డిస్కూ తెల్ల డిస్కూ అటూ ఇటూ మారుస్తూ కూర్చున్నాడు.

"గురువారం దీని అమ్మ వస్తోంది కదా, బడి పనికి" అంది పెద్దమ్మ వంటింట్లోంచి.

పెదనాన్న చేతులు ఆగాయి.

"అవును కదూ" అన్నాడు. "రానీ."

నా బడి సంగతి ఆయనకి గుర్తుందని నేను సంతోషించాను.

*

అమ్మ వచ్చినప్పుడు ఒక చేతిలో కాళ్లు కట్టిన కోడి, ఒక చేతిలో అరటిగెల, వీపున గుడ్డమూట. కొండ మీది నుంచి తెల్లవారకముందే బయల్దేరిందట. గుమ్మం ముందు చెప్పుల గుట్ట చూసి, తన చెప్పులు వాటిలో కలపకుండా దూరంగా గోడ పక్కన విడిచింది.

పెద్దమ్మ తనకి మూతగ్లాసులో టీ ఇచ్చింది. ఆ గ్లాసులు పంతులుగారు వస్తేనే తీస్తారు. అమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని, తాగకుండా చూస్తూ కూర్చుంది.

"నువ్వు దీనికెంత చేస్తున్నావో అక్కా, నా చర్మం వలిచి చెప్పులు కుట్టించినా తీరదు."

"చెప్పులెందుకులే. చిన్న పనుంది, చేసిపెడుదువుగాని."

అమ్మ మూట విప్పి బడిబట్టలు తీసింది. తెల్లచొక్కా, బూడిదరంగు లంగా. కొండ మీది దర్జీతో కుట్టించింది. రెండేళ్లు రావాలని భుజాలు వదులుగా పెట్టించింది. ఒక్కసారి వేసుకుని చూపించమంది. నేను వేసుకుని వస్తే ఏమీ అనలేదు, కాలరు సరిచేసింది, మళ్లీ సరిచేసింది.

"రేపేగా చేరడం. బావగారు వస్తానన్నారా?"

"వస్తారు, వస్తారు" అంది పెద్దమ్మ. "ముందు ఇటు రా."

ముందుగది తలుపు తెరిచేసరికి లోపల కుర్రాళ్లంతా ఉన్నారు. కొత్త మచ్చుగడ ఎవరో నాకప్పుడు అర్థమైంది.

అమ్మ వాళ్ల ముందునుంచి నడుం వంచి, కుడిచెయ్యి నేలకేసి చాపి, దారి అడుగుతూ నడిచింది. పెద్దల ముందు నడిచినట్టు. వాళ్లలో పెద్దవాడికి నా వయసే. తోపాన్ తన వెనకే నడుం ఇంకా వంచి, చెయ్యి ఇంకా చాపి నడిచాడు.

"సాతిమ్! పాస్‌వర్డు వచ్చిందిరోయ్!" అన్నాడు ఒకడు. పగలబడి నవ్వారు. అమ్మ కూడా కొంచెం నవ్వింది, ఏదో ఆదరంగా అన్నారనుకుని.

"కూర్చో పిన్నీ" గలీహన్న కుర్చీ లాగాడు. "ఇది ఆకుపచ్చది. ఇందులో ఆట తెరవాలి. అంతే."

"నాకేం తెలుసు బాబూ? నాకు అక్షరాలే రావు."

"అందుకే పిన్నీ. అందుకే నువ్వు కావాలి."

"బావగారికి పనికొస్తుందా?"

"చాలా పనికొస్తుంది" అన్నాడు పెదనాన్న. ఆయన ముఖం గంభీరంగా ఉంది, మిల్లు గేటు దగ్గర నిలబడినట్టు.

అమ్మ కుర్చీ అంచున కూర్చుంది. తెరకి ఎదురుగా రెండు చేతులూ జోడించి, "ఏమనుకోకయ్యా, ముట్టుకుంటున్నాను" అంది దానితో. గోడలు అదిరిపోయాయి. ఒకడు పొట్ట పట్టుకుని బయటికి పరుగెత్తాడు. అమ్మ బెదిరి చెయ్యి వెనక్కి తీసుకుంది. మౌసు పట్టుకోమంటే పైకెత్తింది. బొమ్మ మీద పెట్టమంటే నిజంగానే తీసుకెళ్లి తెర మీద ఆనించింది, ఇస్త్రీ పెట్టెలాగా.

"గట్టిగా రుద్దు పిన్నీ, మసి పోతుంది!" అన్నాడు తోపాన్.

అమ్మ రుద్దింది.

పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటోంది నవ్వి నవ్వి. గలీహన్న గోడకి తల ఆనించేశాడు. పెదనాన్న ఒక్కడే నవ్వకుండా ఆకుపచ్చ డిస్కు తీసి పక్కన పెట్టాడు. "ఇది పోయింది. ఇప్పుడు తెల్లది చూద్దాం."

తెల్లది వచ్చింది. అమ్మ మెడ వెనక చెమట పట్టింది. మౌసు మీద చెయ్యి వేసింది. పొగాకు కోసి కోసి ఆ వేళ్లు నల్లగా, గట్టిగా ఉంటాయి. నేను గుంపులోంచి వెళ్లి ఆ చెయ్యి మీద నా చెయ్యి పెట్టాను. జరిపాను. మెనూ. ఆటలు. కాల్పుల ఆట. తుపాకీ పేలింది.

"తెరుచుకుంది. చూశారుగా" అన్నాను. "అమ్మా, లే."

నవ్వు ఆగిపోయింది.

"మచ్చులో చెయ్యి పెట్టింది" అన్నాడు పెదనాన్న. నాతో కాదు, పెద్దమ్మతో. "మిల్లులో అయితే లారీని వెనక్కి పంపేవాడిని." లేచి పంచె సర్దుకున్నాడు. "రేపు నాకు మిల్లు ఆఫీసులో పనుంది. బడికి రావడం కుదరదేమో."

అమ్మ నావంక, పెద్దమ్మవంక, పెదనాన్నవంక చూసింది. అక్షరాలు రావుగానీ ఆ మాట తనకి వెంటనే చదవడం వచ్చింది.

"బావగారూ, కూర్చోండి" అంది. "చిన్నపిల్ల, తెలీక చేసింది. మళ్లీ మొదట్నుంచి చేస్తాను. ఆ పచ్చది కూడా కావాలంటే చేస్తాను. దీన్ని బయటికి పంపేస్తాను."

నా మోచెయ్యి పట్టుకుని నడిపించింది. కుర్రాళ్ల ముందునుంచి మళ్లీ నడుం వంచి. నేను వంచలేదు. వీధిగుమ్మం దాటించి నన్ను అరుగు మీద నిలబెట్టింది.

"అమ్మా, నిన్ను చూసి నవ్వుతున్నారు."

"తెలుసు."

"నీకు తెలీదు. నీ పేరు..."

"తెలుసునే. నాకు చెవుల్లేవా?" కాలరు సరిచేసింది. "ఎంత నవ్వుతారు? సాయంత్రం దాకా నవ్వుతారు."

"నాకు బడొద్దు."

అమ్మ చెయ్యెత్తింది. కొడుతుందనుకున్నాను. నా భుజం మీద పడ్డ మసిపీచు ఒకటి రెండు వేళ్లతో, తుడవకుండా, ఎత్తి ఊదేసింది. ఊళ్లోకి వచ్చి ఒక్క పూట కాలేదు, తనకెవరు నేర్పారో.

లోపల్నుంచి గలీహన్న గొంతు వినిపించింది. "పిన్నీ! నీ బస్సు రెడీ!"

"వస్తున్నా బాబూ!" అంది అమ్మ, వినయంగా. నావైపు తిరిగి నెమ్మదిగా అంది. "చూరు కిందికి జరుగు. మసి పడుతోంది. రేపు ఇదే చొక్కా వేసుకోవాలి."

తలుపు మూసింది. లోపల్నుంచి గడియ పడింది.